నా భార్య నమ్మిన ముగ్గురిలో నేను లేకపోవుట గురించి

గుర్తింపుల శాఖాధికారి గారి సముఖమునకు, పాత బస్‌స్టాండు వెనక వీధిలో తాళంచెవుల షాపు నడుపుకొను వ్యక్తి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

(తమ గది తలుపు మీది బోర్డులో పేరు చెరిగిపోయి ఉన్నందున లోపల అయ్యగారో అమ్మగారో తెలియరాలేదు. అమ్మగారైతే మన్నించవలెను. అమ్మగారైతే నా బాధ త్వరగా అర్థమవుతుందేమో, లేక అసలే అర్థం కాదేమో, చెప్పలేను.)

విషయం: డిజిటల్ పర్సు పథకములో వివాహిత స్త్రీలు ఎంచుకొను ముగ్గురు నమ్మకస్తులలో కట్టుకున్న భర్తను తప్పనిసరి చేయుట, ఎదురు షాపు కళ్లజోళ్లాయనను సదరు స్థానము నుండి తొలగించుట, మరియు పోయిన నా గుర్తింపును నాకు తిరిగి ఇప్పించుట గురించి.

పై వానిలో మూడవది అత్యవసరమని తమ కౌంటరులోని అమ్మాయి చెప్పినది. నాకు మాత్రం మొదటి రెండే అత్యవసరం. వివరములు ఈ దిగువన మనవి చేసుకొనుచున్నాను.

1. నాది తాళంచెవులు కోయు వృత్తి. పోయినదానికి కొత్తది, ఉన్నదానికి జత చేసి ఇచ్చెదను. వీధిలో చిన్నా పెద్దా అందరూ నన్ను డూప్లికేటు అని పిలుచుట వాస్తవము. అది నా పనిని బట్టి వచ్చిన పేరే గాని నడవడిని బట్టి వచ్చినది కాదని ముందుగానే తెలియజేయుచున్నాను. కౌంటరులో ఆ పేరు చెప్పగానే వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. గుర్తింపు పోయినవాడికి ఆ పేరు ఉండటం నా ఖర్మ.

2. పథకము తమకు తెలియనిది కాదు. అయినా అర్జీలో అన్నీ మొదటి నుంచి వ్రాయాలన్నారు గనుక వ్రాయుచున్నాను. పూర్వం అందరి గుర్తింపూ ఒకే పెద్ద కంప్యూటరులో ఉండేది. దాన్ని ఎవరో ఊడ్చుకుపోయారు. ఇక మీదట ఎవరి గుర్తింపు వారి ఫోనులోని పర్సులోనే ఉంటుందని, దాని తాళం వారి దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదని, ఈ కార్యాలయములో సైతం నకలు ఉంచరని తమ శాఖవారు మైకులు పెట్టి చాటించినారు. బ్యాంకు వారు వయసు అడిగితే వయసు మాత్రమే చూపించవచ్చు, మిగతాది దాచుకోవచ్చు. ఇంతవరకు బాగున్నది. తాళాల పని తెలిసినవాడిగా నేను నలుగురిలో మెచ్చుకున్నాను కూడా.

తంటా అంతా తర్వాతి నిబంధనతో వచ్చింది. ఫోను పోతే ఎట్లా? అందుకని ప్రతి మనిషీ ముందే ముగ్గురు నమ్మకస్తులను ఎంచుకొని ఉంచుకోవాలి. ఫోను పోయిననాడు వారిలో ఇద్దరి ఎదుట స్వయంగా వెళ్లి నిలబడాలి. అప్పుడు వారి ఫోను "ఈ వ్యక్తి ఆ వ్యక్తేనా?" అని అడుగును. వారు "అవును" అని నొక్కవలెను. ఇద్దరు నొక్కితే కొత్త ఫోనులోకి పర్సు తిరిగి వచ్చును. ఆ ముగ్గురు ఎవరన్నది ఎవ్వరికీ చెప్పనక్కర లేదట. కట్టుకున్నవాడికి కూడా! ఈ చివరి నిబంధన వ్రాసిన అధికారి ఎవరో గాని, ఆయనకు పెళ్లి కాలేదని నా గట్టి అనుమానం.

3. నా భార్య ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేయును. ఒకనాటి ఉదయం బకెట్లో నానబెట్టిన బట్టలతోపాటు ఆమె ఫోను కూడా నానినది. పర్సు చూపితే గాని ఆ గది తలుపు తెరుచుకోదు గనుక ఆమె కంగారు పడినది. నేను పైకి అయ్యయ్యో అన్నాను గాని, దాపరికం ఎందుకు, లోపల సంతోషించాను. ముగ్గురిలో ఒకణ్ణి నేనే కదా అని నా ధీమా. షాపుకు వచ్చి గడ్డం గీసుకుని, స్టూలు తుడిచి, ఫోను నిండా ఛార్జింగు పెట్టుకుని కూర్చున్నాను.

ముందు వాళ్ల అక్క ఇంటికి వెళ్లి నొక్కించుకుంది. అక్క కదా, సరే. తర్వాత మా వీధిలోకి వచ్చింది. నేను ఫోను చేతిలోకి తీసుకుని వేలు సిద్ధంగా పెట్టాను. నా షాపు ముందు నుంచే నడిచింది. ఆగి, నన్ను చూసి, "ఏమైనా తిన్నారా?" అని అడిగింది కూడా. అడిగి, రోడ్డు దాటి, కళ్లజోళ్ల షాపులోకి వెళ్లింది.

అయ్యా, ఆ షాపుకు ముందంతా అద్దమే. నేను చూడకూడదనుకున్నా కనబడుతుంది. సదరు వ్యక్తి తన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నా భార్య వంక ఒక్కసారి చూసి, టక్కున నొక్కినాడు. ఒక్క చూపుకే! ఆ తర్వాత ఇద్దరూ దేనికో నవ్వారు. దేనికి నవ్వారన్నది ఈనాటికీ నాకు తెలియరాలేదు. విచారణలో ఈ అంశమును కూడా చేర్చ ప్రార్థన.

4. సదరు కళ్లజోళ్లాయన గురించి తమకు తెలియవలసిన వివరములు: మనిషి పొడగరి. ఒంటరి. నాకంటే పెద్దవాడైనా తల నిండా జుట్టు ఉన్నది. ఆ వయసులో అంత జుట్టు ఉండటం ఏ మాత్రం సబబు కాదు. షాపులో ఎవరూ లేనప్పుడు కూనిరాగాలు తీయును. నా భార్య బస్సు దిగేది ఆయన షాపు మెట్ల దగ్గరే. ఒకసారి డ్యూటీలో ఆమె కళ్లజోడు విరిగితే అప్పటికప్పుడు అతికించి ఇచ్చినాడట, పైసా తీసుకోలేదట. ఊరికే చేసే పని వెనక ఏదో ఒకటి ఉండకపోదని నేను ఇంట్లో పలుమార్లు చెప్పి ఉన్నాను. చెవిన పెట్టలేదు.

5. ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్టుగా సమర్పించుకొనుచున్నాను.

"ఆ కళ్లజోళ్లాయన నీకేమవుతాడు?" అని అడిగాను.

"ఏమీ కాడు," అంది, కూరగాయలు తరుగుతూ.

"నేను మొగుణ్ణి."

"ఆ సంగతి నాకు తెలుసండీ."

"మరి నేనుండగా వాడెందుకు?"

కత్తిపీట పక్కన పెట్టింది. "ఆ ఫోను అడిగేది ఒక్కటే ముక్క. ఈమె ఆమేనా అని. ఆయనకు నా మొహం తెలుసు, నా కళ్ల పవరు తెలుసు. చూశాడు, నొక్కాడు. అదే మీరైతే? ఎక్కడి నుంచి వస్తున్నావు, ఇంతసేపెందుకైంది, బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు, ఫోను నానితే సిమ్ము ఎందుకు నానలేదు, ఇవన్నీ అయ్యాక కదా నొక్కేది? నేను డ్యూటీకి వెళ్లాలి మహానుభావా!"

సదరు ఆరోపణ నిరాధారము. నేను మహా అయితే రెండు ప్రశ్నలు అడిగి ఉండేవాణ్ణి. సిమ్ము గురించినది న్యాయమైన ప్రశ్నే. ఇక, ఇన్నేళ్ల కాపురంలో ఆమె కళ్ల పవరు ఎంతో నేను తెలుసుకోలేదన్నది వాస్తవమే. అడిగితే చెప్పేది కదా, అడగలేదు. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారో మాత్రం రోజూ అడిగాను.

"ముగ్గురిలో మూడోవాడైనా నేనేనా?" అని అడిగాను. కత్తిపీట మళ్లీ ముందుకు లాక్కుంది. ఆ మూడో మనిషి ఎవరో తమ శాఖకు కూడా తెలియదని కౌంటరులో అన్నారు. తెలియని శాఖ ఎందుకు పెట్టినట్టో నాకు అంతుపట్టలేదు. నాటి నుండి ఇంట్లో మాటలు లేవు. కంచం పెడుతుంది, మంచినీళ్లు పెడుతుంది, మాట పెట్టదు.

6. కడుపు మండి, సదరు వ్యక్తిని దగ్గర నుండి పరిశీలించు నిమిత్తము కంటి పరీక్ష నెపంతో ఆయన షాపుకు వెళ్లితిని. కుర్చీలో కూర్చోబెట్టి, నా గడ్డం కింద చెయ్యి పెట్టి తల సరిచేసి, అద్దం మీద అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని ఓపిగ్గా అడిగినాడు. ఏది అడిగితే దానికి రెండోది బాగుందన్నాను. శత్రువు చేతిలో గడ్డం పెట్టి కూర్చున్నవాడికి అక్షరాలు ఏం కనబడతాయండీ? చివరకు, "దూరపు చూపు మీకు బ్రహ్మాండంగా ఉందండీ. దగ్గరివే సరిగ్గా ఆనడం లేదు. ఈ వయసులో మామూలే," అన్నాడు. నా వయసు ఎత్తినందుకు ఆయన మీద వేరుగా చర్య తీసుకొనవలెను. అద్దాలకు మాత్రం ఆర్డరు ఇచ్చి వచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు.

7. ఇక నా ఫోను పోయిన విధము. షాపులో తాళంచెవులు అంటించి పెట్టుకునే పెద్ద అయస్కాంతం ఉన్నది. నా భార్య బస్సు దిగు వేళకు షటరును సగం దించి, ఆ అయస్కాంతంతో ఫోనును షటరు లోపలివైపు, కెమెరా మాత్రం కిందికి వచ్చేట్టు అంటించి, ఎదురు షాపు మెట్లను వీడియో తీయుచుంటిని. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. నా వీధిని నేను చూసుకుంటున్నాను, అంతే. ఇంతలో బీరువా తాళం పోయిందంటూ ఒక పెద్దావిడ వచ్చి "షటరు దించేశావేం నాయనా, ఉన్నావా?" అని కేకేసింది. ఉన్నానమ్మా అంటూ అలవాటుగా షటరును ఒక్క ఊపున పైకి నెట్టాను. ఫోను కూడా దాంతోపాటే పైకి వెళ్లి షటరు చుట్టలో పడి అప్పడమైపోయింది. కళ్లజోళ్లాయన చప్పుడు విని రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి, "దెబ్బ తగల్లేదు కదండీ?" అని అడిగినాడు. ఆయన అడగటమే పెద్ద దెబ్బ.

8. ఇందుచేత నా పర్సు, అందులోని నా గుర్తింపు పోయినవి. బ్యాంకు నన్ను ఎరగనంటున్నది. ఎవరికి ఏ తాళంచెవి చేసి ఇచ్చామో మా పర్సుతో ముద్ర వేస్తే గాని తాళంచెవి కోయరాదని నియమం ఉన్నందున నా షాపు మూతపడినది. బీరువావిడ రోజూ వచ్చి తిట్టి పోవుచున్నది.

అప్పుడు తమ కార్యాలయానికి వచ్చితిని. కౌంటరులోని అమ్మాయి "మీ నమ్మకస్తులు ఎవరండీ?" అని అడిగింది.

"ఒకటి నేనే," అన్నాను. "నా పాత ఫోను."

"రెండు?"

"నేనే. అంతకన్నా పాత ఫోను."

"మూడు?"

"నేనే. షాపు ఫోను."

ఆ అమ్మాయి రాయడం ఆపి నా మొహం చూసింది. అయ్యా, పగలంతా జత తాళాలు చేసేవాణ్ణి. రెండో తాళం ఎవడి చేతిలో ఉంటే వాడే ఇంటికి యజమాని అని నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. అందుకని నా తాళం నేనే మూడుచోట్ల దాచుకున్నాను. తీరా చూస్తే పాత ఫోను కొత్తది కొన్నప్పుడే మార్పిడి కింద ఇచ్చేశాను. అంతకన్నా పాతది సొరుగులో ఉబ్బి కూర్చుంది. షాపు ఫోను ఉన్నది గాని, ఒక్కటి నొక్కితే చాలదట, ఇద్దరు కావాలట. నేను ఎంత నొక్కినా ఒక్కణ్ణేనట.

"మరి నా తాళం మీ దగ్గరుంటుంది కదమ్మా, తీసివ్వండి," అన్నాను.

"మా దగ్గర ఎవరి తాళమూ ఉండదండీ. లేకపోవడమే ఈ పథకం," అంది.

9. ఇంకొక దారి ఉన్నదట. నన్ను బాగా ఎరిగిన మనిషి ఒకరు ఈ కౌంటరు ఎదుట నిలబడి "ఈయన ఫలానా" అని సాక్ష్యం చెప్పి తన పర్సుతో ముద్ర వేయవలెనట. అది అబద్ధమని తేలితే ఆ సాక్షి పర్సు కూడా నిలిచిపోవునట. అంత తెగువతో నా కోసం నిలబడేది ఎవరండీ? వాళ్ల అక్క నా మొహం చూడదు. వీధిలో ఎవరికీ నేను ఎప్పుడూ టీ కూడా ఇప్పించలేదు. ఇక మిగిలింది నా భార్య. ఆమెను అడుగుటకు నోరు రాలేదు. "ఈయన ఆయనేనా?" అని అడిగితే ఆమె ఒక్క క్షణం తటపటాయించినా చాలు, నేను మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేను. నాకు భయంగా ఉందండీ. పోయిన పర్సు సంగతి అలా ఉంచండి, ఆమె నన్ను నమ్ముతుందో లేదో తెలియక అన్నం సయించడం లేదు. ఈ మాట అర్జీలో వ్రాయదగునో లేదో తెలియదు. కొట్టివేయవచ్చును.

కావున తమరు దయతలచి,

(అ) భార్య ఎంచుకొను ముగ్గురిలో భర్త పేరు మొట్టమొదట ఉండునట్లు నిబంధన సవరించియు,

(ఆ) కళ్లజోళ్లాయనను నా భార్య నమ్మకము నుండి తొలగించియు, అట్లు వీలుకానిచో ఆయనను వేరే వీధికి మార్పించియు,

(ఇ) సాక్షులతో పని లేకుండా, నేను నేనే అని నా మాట మీదనే నమ్మి, నా గుర్తింపును నాకు ఇప్పించియు

ఈ దీనుని ఆదుకొనగలరని ప్రార్థించుచున్నాను. ఇదంతా చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేకున్న (ఆ) ఒక్కటైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తాళంచెవుల షాపు యజమాని
(ప్రస్తుతం ఎవరూ కాడు)

తా.క.: ఈ దిగువది తమ కార్యాలయపు బల్ల మీద కూర్చుని, కౌంటరు అమ్మాయి పెన్నుతో వ్రాయుచున్నాను. పై అర్జీని ఇవ్వబోతే, అర్జీదారు ఎవరో పర్సుతో రుజువైతే గాని అర్జీ తీసుకోమన్నారు. నా గుర్తింపు ఇప్పించమని రాసిన అర్జీ ఇవ్వడానికి నా గుర్తింపు కావాలట. అమ్మాయితో వాదనకు దిగాను. గొంతు పెరిగింది. వెనక వరుస మళ్లీ నవ్వింది.

ఇంతలో నా భార్య వచ్చింది, ఆసుపత్రి యూనిఫారంలోనే. బస్సు దిగగానే కళ్లజోళ్లాయన ఎదురొచ్చి, "మీవారు షాపు తెరవలేదమ్మా. కాగితాలు పట్టుకుని గుర్తింపుల ఆఫీసు వైపు వెళ్లారు. మనిషి అదోలా ఉన్నారు," అని చెప్పినాడట. అటునుంచి అటే ఇక్కడికి వచ్చేసింది.

కౌంటరు అమ్మాయి నన్ను చూపించి, "ఈయన మీకు తెలుసా అమ్మా?" అని అడిగింది.

"మా ఆయన."

"జాగ్రత్తగా చూసుకోండి. తేడా వస్తే మీ పర్సు కూడా ఆగిపోతుంది. ఆసుపత్రిలోకి రానివ్వరు. ఈ షరతులు ఒకసారి చదువుకోండి..."

"అక్కర్లేదమ్మా. ఎక్కడ నొక్కాలో చెప్పు," అంది. నొక్కేసింది.

నేను ఇక్కడికి ఎందుకు వచ్చానని అడగలేదు. ఫోను ఎట్లా పోయిందని అడగలేదు. చేతిలో ఈ కాగితాలేమిటని కూడా అడగలేదు. చెమట పట్టిన నా మొహం చూసి, తన రుమాలు ఇచ్చి, పోయి బల్ల మీద కూర్చుంది. నేను సిమ్ము గురించి అడిగే మనిషిని కదా, ముందు ఆ రుమాలుతో మొహం తుడుచుకున్నాను. "ఏమైనా తిన్నావా?" అన్నాను. ఇన్నాళ్లలో నేనా మాట అడగడం అదే మొదలనుకుంటాను. ఆమె కూడా అలాగే అనుకున్నట్టుంది, విచిత్రంగా చూసింది.

షాపు ఫోనులో కొత్త పర్సు తెరవగానే, ముగ్గురు నమ్మకస్తులు ఎవరని ఆ పర్సు అడిగింది. మొదట నా భార్య. రెండోది వాళ్లక్క, తిట్టినా అబద్ధం చెప్పే మనిషి కాదు. మూడోది ఎవరా అని చాలాసేపు ఆలోచించాను. లోకంలో నాకు బాగా తెలిసిన మనిషి ఎవరు? షాపు ఎప్పుడు తీస్తాడో, ఎవరితో ఎలా మాట్లాడతాడో, పాత అద్దాలే బాగున్నాయని చెప్పి ఎంతమంది గిరాకీని వెనక్కి పంపుతాడో, అన్నీ నేను కళ్లారా చూసి, వీడియో కూడా తీసిన మనిషి ఒక్కడే. ఎంత వెతికినా ఆయనలో తప్పు దొరకలేదు, అదే నా కడుపుమంట. ఆయన నంబరే ఇచ్చాను. వెంటనే నేనే ఫోను చేసి ఆ సంగతి చెప్పాను.

"నన్నా అండీ?" అన్నాడు.

"మిమ్మల్నే," అన్నాను. "జుట్టు మీద నాకింకా అభ్యంతరం ఉంది."

"మీ అద్దాలు వచ్చాయి, తీసుకెళ్లండి," అన్నాడు.

కావున (అ), (ఇ) కోరికలను ఉపసంహరించుకొనుచున్నాను. (ఆ) విషయంలో, కళ్లజోళ్లాయనను వేరే వీధికి మార్చవద్దని ప్రార్థన. ఇప్పుడు నాకు కూడా కావాలి.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఇందాక బల్ల మీద పక్కన కూర్చుని, మెల్లగా, "నీ ముగ్గురిలో నన్ను కూడా పెట్టుకోవచ్చు కదా," అని అడిగాను. కోప్పడలేదు. నవ్వను కూడా లేదు. "చూద్దాం," అంది.

తమ శాఖలో "చూద్దాం" అన్న అర్జీ మంజూరు కావడానికి మామూలుగా ఎన్నాళ్లు పడుతుందో తెలియజేయ ప్రార్థన. ఎన్నాళ్లయినా ఫరవాలేదండీ, ఊరికే తెలుసుకుందామని.